పత్రికల్లో నవాబు గారు

బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి చూసి "వచ్చిండురా నవాబు సాబ్" అంటే తరగతి అంతా నవ్వుతుంది. ఆ పిల్లవాని తండ్రి మూడో షిఫ్టు చేసి, బొగ్గుబాయి నుంచి అప్పుడే ఇల్లు చేరి ఉంటాడు. ఆ ఇంట్లో నవాబీ ఎక్కడున్నది? అయినా ఆ మాట మనల్ని విడువదు. పత్రిక తెరిస్తే చాలు, నవాబులూ నిజాములూ కనబడుతూనే ఉంటారు. అందుకే ఈ సంచికలో ఆ మాటల చరిత్ర కొంచెం చెప్పుకుందాము.

అరబ్బీలో 'నాయబ్' అంటే ప్రతినిధి, ఒకరి బదులు పని చేసేవాడు. దాని బహువచనం 'నువ్వాబ్'. గౌరవం కొద్దీ ఒక్క మనిషికే బహువచనం వాడినారు, అదే నవాబు అయింది. మన రెవెన్యూ కచేరీలో నాయబ్ తహసీల్దార్ అంటామే, అదీ ఇదీ ఒకే మాట. అంటే నవాబు మొదట యజమాని కాడు, పాదుషా కొలువులో నౌకరు.

నిజాం మాట కూడా అంతే. నిజాముల్ ముల్క్ అంటే రాజ్య వ్యవహారాలు చక్కబెట్టేవాడు. 1713లో మొగల్ పాదుషా ఫరూక్‌సియర్ మీర్ ఖమరుద్దీన్‌కు ఇచ్చిన బిరుదు అది. తరువాత అదే వంశం పేరైంది, రాజ్యం పేరైంది.

హైదరాబాదు కొలువులో జంగ్, దౌలా, ముల్క్ అంటూ బిరుదులకు మెట్లుండేవి. నిజాంసాగర్ ఇంజనీరు మీర్ అహ్మద్ అలీకి నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే బిరుదు దొరికింది. దివాన్‌గా పని చేసిన మహారాజా కిషన్ పర్షాద్‌కు యమీనుస్సల్తనత్ బిరుదు ఉండేది. అంటే బిరుదుకు మతం లేదు, కొలువు ఉన్నది.

ఇక పత్రికల సంగతి. సినిమా పేజీలో 'నైజాం వసూళ్ళు' అని రాస్తరు. అక్కడ నైజాం అంటే మన తెలంగాణ థియేటర్లు. ఆట పేజీలో సెహ్వాగ్‌ను నజఫ్‌గఢ్ నవాబు అన్నారు, అది ముద్దుపేరు. పటౌడీ మాత్రం నిజంగా నవాబు వంశమే. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజుల గుర్తింపూ భరణాలూ పోయినవి. అయినా 2023లో ముకర్రంజా కన్నుమూసినప్పుడు పత్రికలు 'ఎనిమిదో నిజాం' అనే రాసినవి. హోటలు ప్రకటనల్లో నవాబీ బిర్యానీ సరేసరి. రాజకీయ పేజీలో అధికారంలో ఎవరున్నా, గిట్టనివారికి ఆయన 'నయా నిజాం'!

ఇందులో నవ్వుకునేవి నవ్వుకుందాము. కాని ఒక్క చోట చిక్కు ఉన్నది. నిజాం కాలపు వెట్టి, రజాకార్ల దౌర్జన్యం నిజమే, దాచవలసిన పని లేదు. సింగరేణి షేర్లు 1945లో నిజాం సర్కారు కొన్నదన్న మాటా నిజమే. మంచీ చెడూ రెండూ ఆ సర్కారు ఖాతాలోనే రాయాలె. ఒక బిరుదు కింద జరిగిన లెక్కను ఒక కౌము మొత్తం మీద రాస్తే అది చరిత్ర కాదు. రజాకార్లకు ఎదురుగా రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ ఎవరు? 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు, మనవాడే. కార్మికుల కోసం, నిజాం సర్కారుకు ఎదురు నిలిచిన మఖ్దూం మొహియుద్దీన్ కూడా మనవాడే. వాళ్ళకు ఏ జంగ్ బిరుదూ లేదు.

కనుక తల్లిదండ్రులకు మా మనవి. పిల్లవాడు "నవాబు అన్నరు" అని చిన్నబుచ్చుకొని ఇంటికొస్తే కోపగించవద్దు. నాయబ్ అంటే ఏమిటో చెప్పండి, షోయబుల్లా కథ చెప్పండి. ఉర్దూ పత్రికతో పాటు తెలుగు పత్రిక కూడా ఇంట్లో చదివించండి. మన గురించి ఏం రాస్తున్నారో తెలిస్తేనే గదా, తప్పు రాసిననాడు మర్యాదగా ఒక ఉత్తరం ముక్క రాయగలము.