రేవు నుంచి మేడమీదికి

ఒకప్పుడు ఇంటి గుడ్డలు ఇంట్లో ఉతికేవాళ్లు కాదు. బైరెడ్డిపల్లె, పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో రెండు మూడు తరాల కిందటి దాకా మాసిన గుడ్డలు మూటకట్టి చెరువు రేవుకు పోయేవి. ఒకటి రెండు రోజులకు తెల్లగా, మడతలు పెట్టి తిరిగొచ్చేవి. మధ్యలో వాటికి ఏం జరిగేదో కట్టుకునేవాళ్లలో చాలామందికి తెలియదు. ఇప్పుడు అవే ఊళ్లలో మేడమీద దండేల నిండా చీరలు, లుంగీలు, బడి యూనిఫారాలు. ఉతికింది ఆ ఇంటి ఇల్లాలు, లేదంటే ఆమె మీట తిప్పిన మిషను. ఈ మార్పును సబ్బుల కంపెనీల చరిత్రగా చెబుతుంటారు. నాకు మాత్రం ఇది పని చేతులు మారిన చరిత్ర. ఒక కులం మోసిన బరువును ఊరంతా పంచుకోలేదు. అది తిన్నగా ఇంటి ఆడవాళ్ల నడుం మీదికి వచ్చి పడింది.

1812లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వచ్చిన 'అయిదో నివేదిక'లో దక్షిణాది పల్లె ఎలా నడిచేదో చెప్పే ఒక జాబితా ఉంది. ఊరి పెద్ద, కరణం, తలారి, చెరువు నీళ్లు చూసే నీరుగంటి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మంగలి... ఆ వరసలోనే చాకలి. రాయలసీమలో వీళ్లను ఆయగాళ్లు అనేవాళ్లు. విజయనగరం కాలం నుంచీ ఉన్న ఏర్పాటు అది. నెల జీతం లేదు. పంట కోసి నూర్చాక కళ్లంలో కొలిచి ఇచ్చే మేర, రోజూ పొద్దుగూకే వేళ ఇంటింటా పెట్టే సంగటి ముద్ద, పండక్కీ పెళ్లికీ ఓ పాత గుడ్డ, కాస్త ఈనాం. పంట బాగా పండిన ఏడు మేర గంప నిండేది. కరువొస్తే కళ్లమే ఉండేది కాదు, ఉతుకుడు మాత్రం ఆగేది కాదు.

రేవులో జరిగే పనిలో పుస్తకాలకెక్కని రసాయన శాస్త్రం ఎంతో ఉంది. ఎండాకాలం చెరువు అంచుల్లో, చవుడు నేలల్లో తెల్లటి పొర పైకి తేలుతుంది. దాన్ని గీకి తెచ్చుకునేవాళ్లు. అందులో ఉండేది ముఖ్యంగా సోడా. చవుటి మన్ను కలిపిన నీళ్లలో గుడ్డలు నానబెట్టి, తొక్కి, ఒకదాని మీద ఒకటి చుట్టగా బాన మీద పేర్చేవాళ్లు. కింద మంట. బానలోని నీళ్లు కాగి, ఆవిరి రాత్రంతా గుడ్డల పొరల గుండా పైకి పోయేది. ఒంటి జిడ్డు, చెమట ఆ సోడాతో కలిసి అక్కడికక్కడే సబ్బుగా మారిపోతాయి. నూలు పోగు ఉబ్బి మురికిని వదిలేస్తుంది. పేను గుడ్లు, క్రిములు ఆ వేడికి బతకవు. తెల్లారి బండ మీద బాదడం, పారే నీళ్లలో జాడించడం. ఆ తర్వాత దండెం కాదు, చెరువు కట్ట గడ్డి మీద, పొదల మీద పరిచేవాళ్లు. తడి నూలు మీద ఎండ పడుతుంటే పసుపు జాడ, ఆకు మరక మెల్లగా వెలిసిపోతాయి. కలంకారీ చేసే శ్రీకాళహస్తిలో పేడ నీళ్లలో నానబెట్టిన గుడ్డను స్వర్ణముఖి ఒడ్డున ఎండబెట్టి తెలుపు తీసిన పద్ధతి కూడా దీనికి దగ్గరిదే. ఈ నైపుణ్యం విలువేమిటో ఈస్టిండియా కంపెనీకి బాగా తెలుసు. నేసిన గుడ్డను చలవ చేయందే ఓడ ఎక్కించలేరు. మద్రాసులో చాకలిపేట వెలిసింది ఆ పని కోసమే.

ఊళ్లో వంద ఇళ్ల గుడ్డలు ఒకే బాన మీదికి ఎక్కినా ఎవరి పంచ వాళ్లకే చేరేది. నల్లజీడి గింజ రసంతో అంచు మూల పెట్టిన చిన్న గుర్తే దానికి ఆధారం. ఒక ఇంటికి రెండు చుక్కలు, ఇంకో ఇంటికి అడ్డగీత, మరో ఇంటికి కొక్కెం. సున్నం తగిలిస్తే ఆ నలుపు ఏ ఆవిరికీ పోదు. అక్షరం నేర్పని సమాజం మధ్య ఉండి, వాళ్లు తమకంటూ ఒక లిపి తయారు చేసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశానికి వచ్చిన అమెరికా సైనికుల్లో కొందరికి చొక్కా గుర్తు తగిలే చోట ఒళ్లు పొక్కింది. వాళ్ల వైద్యులు వెతికితే కారణం ఈ జీడి రసమే అని తేలింది. 1943లో అమెరికా వైద్య పత్రికలో దాని మీద వ్యాసం వచ్చింది. అవతలి దేశపు సైనికుడి మెడ మీద దద్దురు పుస్తకానికెక్కింది. ఏళ్ల తరబడి ఆ రసం వాడిన వేళ్ల సంగతి ఎవరు రాశారు?

ఆ పనికి దక్కిన మర్యాద కూడా చెప్పుకోవాలి. పురిటి గుడ్డలు, మైల గుడ్డలు, చావింటి గుడ్డలు అన్నీ వాళ్ల చేతికే. ఊరేగింపులో దివిటీ పట్టేది వాళ్లే, పెళ్లిలో నడిచే దారిన చీరలు పరిచేది వాళ్లే. వాళ్ల చెయ్యి పడకుండా ఏ శుభమూ అశుభమూ జరగదు. అయినా పెద్దింటి పదేళ్ల పిల్లాడు తాత వయసున్న మనిషిని 'ఒరే' అని పిలిచేవాడు. సాయంత్రం సంగటి కోసం వచ్చిన ఆమె వాకిట్లోనే నిలబడేది. మడి కట్టుకునే ఇళ్లలో ఇంకో చిత్రం. రేవులో చాకలి ఉతికి తెచ్చిన పంచను మళ్లీ నీళ్లలో తడిపి, ఎవరికీ తగలకుండా ఎత్తున కట్టిన వెదురు దండెం మీద కర్రతో ఆరేసేవాళ్లు. మురికి పోగొట్టిన చెయ్యే మైల అయింది.

బైరెడ్డిపల్లెకు పక్కనే కన్నడ సీమ. అక్కడ ఈ కులాన్ని మడివాళ అంటారు. పన్నెండో శతాబ్దంలో బసవన్నతో పాటు నిలబడిన మడివాళ మాచిదేవుడు వాళ్లకు గురువు. ఈ మాచయ్య కథను పాల్కురికి సోమనాథుడు 'బసవపురాణం'లో తెలుగు ద్విపదలో చెప్పాడు. గుడ్డలుతికే మనిషిని భక్తుడిగా, రాజుకు తలవంచని వీరుడిగా నిలబెట్టిన కావ్యం మన భాషలో ఏడు వందల ఏళ్ల కిందటే ఉంది. తెలంగాణలో పాలకుర్తి చాకలి ఐలమ్మ తన పొలం గింజల కోసం దొరను ఎదిరించింది నిన్నమొన్నటి సంగతి. ఈ రెండు పేర్లూ బడి పిల్లలందరికీ తెలియాలని నా కోరిక.

రేవు ఎందుకు ఖాళీ అయింది? ఒక్క కారణం చెబితే అబద్ధమవుతుంది. గుడ్డే మారింది. టెరిలిన్, టెరికాటన్ చొక్కాలు బాన ఆవిరికి తట్టుకోవు. ఒకసారి ముడత పడితే ఆ వేడికి అలాగే బిగుసుకుపోతాయి. పైగా వాటికి ఆ ఆవిరి అక్కర్లేదు, బకెట్లో ముంచి జాడిస్తే చాలు. తర్వాత నీళ్లు మారాయి. సముద్ర మట్టానికి రెండు వేల అడుగుల పైనున్న ఈ మెట్టలో పెద్ద నది లేదు, బతుకంతా చెరువుల మీదే. వరస కరువుల్లో చెరువులు ఎండిపోతే బోర్లు వేశారు. అవి లోతుకు పోయి పోయి కొన్నిచోట్ల వెయ్యి అడుగులు దాటాయి. అంత లోతు నుంచి వచ్చేవి చాలాచోట్ల ఉప్పు నీళ్లు, సున్నపు నీళ్లు. వాటిలో మామూలు బార్ సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టుగా గుడ్డకే అంటుకుంటుంది. డిటర్జెంట్ పొడి మాత్రం ఆ నీళ్లలోనూ నురుగుతుంది. 1959లో సర్ఫ్ వచ్చినా పల్లెకు అందే ధర కాదు. 1969లో గుజరాత్‌లో కర్సన్‌భాయ్ పటేల్ మొదలుపెట్టిన నిర్మా లాంటి చవక పొడులు వచ్చాకే ప్రతి ఇంటి బావి గట్టూ, బోరు గట్టూ ఒక రేవు అయింది.

ఇంకో కారణం నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: రజకుల పిల్లలు చదువుకున్నారు. కొందరు పలమనేరులో దుకాణం పెట్టారు, ఎక్కువమంది పని వెతుక్కుంటూ బెంగళూరు బస్సెక్కారు. రేవు పోయిందని నేను బాధపడను. 'ఒరే' అని పిలిపించుకుంటూ ఎవరూ ఎవరి గుడ్డలూ ఉతకాల్సిన పని లేదు.

కానీ ఆ పని మాయం కాలేదు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే లెక్కలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. అమెరికాలో ఇలాంటి మార్పే ముందుగా జరిగింది. అక్కడా మధ్యతరగతి ఇళ్లు గుడ్డలను చాకలి స్త్రీలకో, లాండ్రీలకో పంపేవి. 1881లో అట్లాంటా నగరంలో నల్లజాతి చాకలి స్త్రీలు కూలి రేటు కోసం సమ్మె కట్టారు. ఇంటింటికీ మిషను వచ్చాక బయటికి పోయే మూట ఇంట్లోనే ఆగిపోయింది, ఇల్లాలి గంటలు తగ్గలేదు. ఈ మాట రూత్ ష్వార్ట్జ్ కొవాన్ అనే చరిత్రకారిణి 1983లో రాసిన పుస్తకంలో వివరంగా చూపించారు. మిషను ఉంది కదా అని ఒకసారి కట్టి విడిచిన చొక్కా కూడా ఇప్పుడు ఉతుకుడుకే వస్తుంది.

ఈ ఊళ్లకు సరిపోయింది రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మిషను. నీళ్లు ధారగా రాకపోయినా బిందెతో పోసుకోవచ్చు, కరెంటు పోతే మధ్యలో ఆపి చేత్తో కానివ్వొచ్చు, సబ్బు నీళ్లు పారబోయకుండా రెండో విడత ముతక గుడ్డలకు వాడుకోవచ్చు. పక్క తొట్టి గిర్రున తిప్పి నీళ్లు విదిలిస్తుంది, వేడి పెట్టదు. మిగిలిన తడి ఎండ చూసుకోవాలి.

వేడిగాలితో పూర్తిగా ఆరబెట్టే యంత్రం వేరు. అమెరికాలో జేమ్స్ రాస్ మూర్ అనే ఆయన చలికాలం మంచులో గుడ్డలు ఆరేసే తల్లి అవస్థ చూడలేక దాని తయారీకి పూనుకున్నాడట. 1938లో ఆ ఆలోచన 'జూన్ డే' పేరుతో బజారుకు వచ్చింది. మంచు దేశంలో అది వరం. మనకు లెక్క వేరే. లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే దాదాపు 0.63 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి, ఏ యంత్రమైనా ఈ లెక్క దగ్గరే మొదలుపెట్టాలి. బైరెడ్డిపల్లె మేడమీద చైత్ర మాసపు ఎండ, మెట్ట గాలి ఆ వేడిని ఊరికే ఇస్తాయి. నూలు చీర ఒక కొస నుంచి ఇంకో కొస ఆరేసి వచ్చేలోగా మొదటి కొస గరగరలాడుతుంది. ఎండ ఇచ్చేది ఆరుదల ఒక్కటే కాదు. క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కాక్, నేరుగా పడే సూర్యకాంతికి ఆ క్రిమి త్వరగా చస్తుందని 1890లోనే చెప్పాడు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి వెలిసింది ఈ మెట్ట మీది పొడిగాలిని చూసే. దుప్పట్లు, చంటిపిల్లల గుడ్డలు ఎండలో వేయాలన్న అవ్వల పట్టుదల ఉత్త అలవాటు కాదు.

ఈ ఎండను వదిలి అమెరికా వెళ్లిన మన పిల్లలకు అక్కడ వేరే ఇబ్బంది. చాలా కాలనీల్లో ఇంటి బయట దండెం కడితే ఇళ్ల సంఘాలు ఒప్పుకోవు. వెర్మాంట్ రాష్ట్రం 2009లో ఆ నిషేధాలు చెల్లవని చట్టం చేయాల్సి వచ్చింది. డ్రయ్యర్‌లో వేస్తే నూలు చుడీదార్ కురచబడుతుంది, జరీ పాడవుతుంది. అందుకే మన వాళ్ల ఇళ్లలో స్నానాల గదిలో కర్ర మీద చీర వేలాడటం చూస్తాం.

ఇక్కడా ఎండ లేని రోజులు ఉన్నాయి. అక్టోబరు, నవంబరు ముసురులో మూడు రోజులు పొద్దు కనబడదు. వసారాలో దండెం, కుర్చీల వీపులు, చివరికి మంచం కోళ్లు కూడా తడి గుడ్డలే. ముక్క వాసన. ఫ్యాను కింద వేసి, సగం ఆరినవాటిని ఇస్త్రీ పెట్టెతో ఆర్చడమే అప్పటికి దారి.

ఆ ఇస్త్రీ ఒక్కటే పాత చేతుల దగ్గర మిగిలింది. గుడ్డల మడత కోసం ఒకప్పుడు తలగడ కిందో పరుపు కిందో పెట్టి పడుకునేవాళ్లు. హాస్టల్ పిల్లలు చెంబులో నిప్పులు పోసి చొక్కా మీద రుద్దుకునేవాళ్లు. గంజి పెట్టడానికీ ఇక్కడ చిక్కే: సంగటి తినే ఇంట్లో వార్చే గంజి ఉండదు, వరన్నం వండిన రోజు కోసం చూడాలి. కరెంటు ఇస్త్రీ పెట్టెకు అమెరికాలో 1882లోనే పేటెంటు వచ్చింది. అయినా మన బజారు చివర ఇస్త్రీ బండి మీద ఇప్పటికీ కనిపించేది బొగ్గు పెట్టె. ఆరేడు కిలోల బరువు, పొగ, నిలబడే పని. తిరువణ్ణామలైకి చెందిన వినీషా ఉమాశంకర్ అనే బడి పిల్ల ఆ బొగ్గు పొగ చూసే సోలార్ ఇస్త్రీ బండి ఆలోచన చేసింది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ఆమె మాట్లాడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూన్‌లో మొదలైన 'జగనన్న చేదోడు' దుకాణమున్న రజకులకు ఏడాదికి 10,000 రూపాయలు ఇచ్చింది. 2023 సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో చాకలి పనినీ చేర్చింది, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, తక్కువ వడ్డీకి అప్పు. కావాల్సినవే. అయితే బండి మీద బతికేవాళ్ల రాబడి ఎక్కువగా నిర్ణయమయ్యేది మన వాకిట్లో. పొడి ప్యాకెట్ మీద అచ్చేసిన ధరను మారుమాట లేకుండా కట్టే ఇళ్లు, జతకు రెండు రూపాయలు పెంచమని ఇస్త్రీ చేసే ఆమె అడిగితే బేరమాడతాయి.