పనస జిగురూ, ఫ్లూ జ్వరమూ

కోటబొమ్మాళి వైపు ఆడవాళ్ళకి పనసకాయ గురించి ఒకరు చెప్పక్కర్లేదు. చేతికీ కత్తిపీటకీ నూనె రాసుకోకుండా దాని ముందు కూర్చున్న కొత్తకోడలి అవస్థ ఎరగని ఇల్లుంటుందా? ఫ్లూ వైరస్‌కీ ఇలాంటి అవస్థే ఉందంటే నవ్వకండి.

మన ఊపిరి గొట్టంలోని కణాల మీద సియాలిక్ ఆమ్లం అనే ఓ రకం చక్కెర ఉంటుంది. ఆ చక్కెరని పట్టుకునే వైరస్ లోపలికి దూరుతుంది. లోపల పుట్టిన పిల్ల వైరస్‌లు బయటికొచ్చేటప్పుడు అదే చక్కెర జిగురై వాటిని కదలనివ్వదు. మనం నూనె రాసుకుంటాం. ఆ మాయదారిది కత్తెర తెచ్చుకుంటుంది! ఆ కత్తెర పేరు న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్. హెచ్1ఎన్1 అని పేపర్లో చదువుతామే, అందులో ‘ఎన్’ ఇదే.

1918లో మా ప్రాంతం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆ జూన్‌లో బొంబాయి రేవులో కనబడ్డ జ్వరం, వానాకాలం వెళ్ళేసరికి ప్రాణాంతకమై దేశమంతా అల్లుకుంది. దేశంలో కోటిమందికి పైగా పోయారు. పడుచు వయసు వాళ్ళే ఎక్కువ. వాళ్ళలోనూ మగవాళ్ళకన్నా ఆడవాళ్ళు ఎక్కువ. మరి మంచాన పడ్డవాళ్ళ పక్కన కూర్చుని గంజి పోసిందెవరు? అందరూ తిన్నాక మిగిలింది తిన్నదెవరు? చరిత్రకారులు చెప్పే కారణాలూ ఇవే.

చాలామంది ప్రాణం తీసింది ఫ్లూ వెనకాలే వచ్చిన న్యుమోనియా. అది తెచ్చే న్యుమోకాకస్ అనే బాక్టీరియాకి కూడా ఇలాంటి కత్తెరే ఉంది. ఒకటి గోడ గీకితే రెండోది అక్కడ అంటుకుంటుంది. దొంగకి తోడు దొంగ!

ఈ కత్తెర ఆచూకీ దొరికింది కోడిగుడ్డులో. 1941లో న్యూయార్కులో జార్జి హర్‌స్ట్ అనే డాక్టరు, గుడ్డులో పెంచిన వైరస్ ద్రవం తీస్తుంటే పిండం రక్తనాళం చిట్లింది. కలిసిన రక్తం గడ్డలు గడ్డలుగా ముద్దకట్టింది. ఇంకొకరైతే పారబోసి చెయ్యి కడుక్కునేవారు. ఆయన చూస్తూ కూర్చున్నాడు. మరుసటి ఏడు మరో వింత చూశాడు: వెచ్చగా ఉంచితే ఆ ముద్దలు వాటంతటవే విడిపోతున్నాయి! విడిన కణాలు అదే వైరస్‌తో మళ్ళీ ముద్దకట్టవు. అంటే పట్టుకునే చోటునే వైరస్ కోసేస్తోందన్నమాట. కొన్నేళ్ళకి మెల్‌బోర్న్‌లో బర్నెట్ బృందం కలరా బాక్టీరియాలోనూ అదే గుణం కనిపెట్టింది. మా ఊళ్ళని వల్లకాళ్ళు చేసిన రెండు మహమ్మారుల చేతిలోనూ ఒకే జాతి ఆయుధం!

1983లో మళ్ళీ ఆస్ట్రేలియాలోనే, పీటర్ కోల్మన్ బృందం ఆ కత్తెర ఆకారాన్ని అణువణువునా గీసి చూపింది. చక్కెర ఇరుక్కునే గాడి ఎక్కడో తెలిశాక, అందులో అడ్డంగా కూర్చునే మందు తయారుచెయ్యడం కుదిరింది. 1999లో రెండు మందులొచ్చాయి. వాటిలో ఒసెల్టామివిర్‌ని మన దేశంలో తయారుచెయ్యడానికి స్విట్జర్లాండ్ కంపెనీ రోష్, 2005లో హైదరాబాదు హెటిరో కంపెనీకి అనుమతిచ్చింది. 2009 మేలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది కూడా హైదరాబాదులోనే. డాక్టర్లు ఇచ్చింది ఈ మందే. రెండు రోజుల్లోగా మొదలుపెడితేనే దాని గుణం బాగా కనిపిస్తుంది.

ఇంతకీ ఆ మందుకి మూలపదార్థం షికిమిక్ ఆమ్లం. అది ఎక్కువగా తీసింది దేన్నుంచో తెలుసా? మన పోపులపెట్టెలోని అనాసపువ్వు నుంచి! అలాగని నాలుగు పువ్వులు నమిలేసి ఊరుకునేరు. ఆ ఆమ్లం మందయ్యేలోగా ఫ్యాక్టరీలో చాలా మెట్లెక్కాలి. పువ్వుని బిర్యానీలో వేసుకోండి, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పదండి.