చితికట్టెకు చట్టం

మధురానగర్ మెట్రో స్టేషన్ నుంచి పంజగుట్ట శ్మశానం ఎంతో దూరం లేదు. చుట్టూ మేడలు, పక్కనే వంతెన, ఆగని బండ్లు. నగరం పెరిగి పెరిగి శ్మశానాన్ని తన నడుమకు తెచ్చుకుంది. ఇక చితి పొగ ఎవరి కిటికీలోకి పోతుందన్న తగవు తప్పదు. 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం శవసంస్కారానికి స్థలం చూపడం, దాన్ని అదుపులో ఉంచడం కార్పొరేషన్ పనిగా పెట్టింది. 

మనం అనాదిగా చేస్తున్న దహనాన్ని ఇంగ్లండు వాళ్లు ఒకప్పుడు నేరమనుకున్నారు. 1884లో వేల్స్‌లో విలియం ప్రైస్ అనే వైద్యుడు చనిపోయిన తన పసిబిడ్డను కొండమీద దహనం చేయబోతే పట్టుకుని కోర్టుకు ఈడ్చారు. ఇతరులకు ఇబ్బంది కలగనంత వరకు అది నేరం కాదని జడ్జి స్టీఫెన్ తేల్చాడు. మరుసటి ఏడే వోకింగ్‌లో యంత్రంతో దహనం మొదలైంది. 1902లో దానికంటూ చట్టం వచ్చింది. ముందు మనిషి చేశాడు, తర్వాత చట్టం నేర్చుకుంది.

మన దగ్గర వరస తిరగబడింది. 1986లో మొదలైన గంగా కార్యాచరణ ప్రణాళిక కింద నది ఒడ్డు ఊళ్లలో విద్యుత్ దహనవాటికలు కట్టారు. కరెంటు పోతే పని ఆగేది. కపాలమోక్షం ఎలాగని జనం వెనకాడేవారు. ఆ అనుభవం తర్వాత ఢిల్లీలో 1992లో మొదలైన మోక్షద సంస్థ మధ్యేమార్గం పట్టింది. కట్టె ఉంటుంది, తలకొరివి ఉంటుంది, కానీ ఇనుప గద్దె, పైన పొగగొట్టం పెట్టి గాలి ఆడేలా చేయడంతో నాలుగైదు వందల కిలోల కట్టె అవసరం 150, 200 కిలోలకు దిగింది. నాకైతే ఇదే తెలివైన పని అనిపిస్తుంది, ఎవరి ఆచారాన్నీ తిట్టలేదు కాబట్టి. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా కట్టె చితికి బదులు వేరే పద్ధతులు చూడమని ప్రభుత్వాలకు చెప్పింది.

ఇప్పుడు ఇంకా కొత్తవి వస్తున్నాయి. 2021 డిసెంబరులో చనిపోయిన దక్షిణాఫ్రికా ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూ దేహాన్ని ఆయన కోరిక మీద నిప్పుతో కాకుండా క్షారం కలిపిన వేడినీటితో కరిగించారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం 2019లో దేహాన్ని మట్టిగా మార్చడానికి చట్టం చేసింది.

మట్టి కావడం మనకు కొత్తా? గోండుల్లో దహనమూ ఉంది, ఖననమూ ఉంది. కోయలు పోయినవాళ్ల పేర రాయి నిలబెడతారు. అయినా అడవి తరిగిందంటే ముందుగా కనపడేది మన గొడ్డలే. నగరపు చితికట్టె ఏ అడవిది, ఏ తోటది అని అడిగేవాళ్లు తక్కువ.

హైదరాబాద్‌లోనే పార్శీగుట్ట ఉంది. పార్శీలు శవాన్ని రాబందులకు వదిలేవారు. కట్టె లేదు, పొగ లేదు, గుంత కూడా లేదు. అంతకన్నా పర్యావరణానికి మేలైన పద్ధతి ఏ యంత్రం ఇస్తుంది? పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు రాబందులను చంపేసింది. 2006లో దాన్ని పశువైద్యంలో నిషేధించారు గాని, అప్పటికే ఆకాశం ఖాళీ. ఆచారం చెడ్డదై పోలేదు, దాని చుట్టూ ఉన్న ప్రకృతి పోయింది.

మార్లవాయి సంగతి ఉపాధ్యాయులకు బాగా తెలుసు. 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ అక్కడే మొదలైంది. దాని వెనుక ఉన్న హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. 2012లో ఆయన అస్థికలు తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఇంగ్లండు దహనం, గోండు మట్టి ఒకచోట కలిశాయి. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే ఊరు ఒప్పుకుంది.

ఆ ఒప్పుకోలుకే 1996 పెసా చట్టంలో చోటుంది. నాలుగో సెక్షన్, (డి) ఉపవిభాగం ప్రకారం తమ ఆచార సంప్రదాయాలను కాపాడుకునే అధికారం గ్రామసభది. రేపు నగరం కోసం రాసిన శ్మశాన నియమాన్ని అలాగే ఏజెన్సీకి తెచ్చి గ్యాస్ పొయ్యి పెట్టమంటే, ముందు తీర్మానం అడగాలి. ఎక్కడ పూడ్చాలి, ఎండు కట్టె ఎంత వాడాలి, పెద్దల రాళ్లున్న జాగను ఎవరూ తవ్వకుండా హద్దు ఎక్కడ పెట్టాలి అన్నవి ఆ కాగితంలో మన పెద్దలు, ఆడవాళ్లు కూర్చుని రాయించాలి. చదవడం రాని వాళ్ల కోసం ఆ రాసే పని బడి పంతులు చేయగలడు.