దోసిట్లో నీళ్లు, కడవలో నీళ్లు

దిండి వశిష్ఠ గోదావరి ఒడ్డు ఊరు. ఎదురుగా అవతలి గట్టున చించినాడ, మధ్యన వంతెన. ఎటు చూసినా నీళ్లే. టూరిస్టులు వచ్చి పడవలెక్కి ఫోటోలు దిగేదీ ఈ నీళ్లమీదే. కానీ చెంబు ముంచుకుని తాగడానికి లేదు. సముద్రం దగ్గర కాబట్టి వేసవిలో పోటుకి ఏరు ఉప్పెక్కుతుంది. నూతులు తవ్వినా చాలాచోట్ల ఉప్పే. అందుకే మావైపు ఇళ్లల్లో నీళ్లు రెండు రకాలు, వాడుక నీళ్లు, మంచినీళ్లు. ఈ 'మంచి' ఎవరు నిర్ణయించారు, ఆ నీళ్లు ఎవరి చేతిమీదుగా మన కడవలోకి వచ్చాయి అన్నది చరిత్ర పుస్తకాలు అడగని ప్రశ్న.

వశిష్ఠకీ వైనతేయకీ నడుమనున్న ఈ గడ్డని పాత రికార్డుల్లో నగరం దీవి అంటారు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ కాలంలోనే గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా అక్విడక్టు కట్టి కాలవని దీవిలోకి దాటించారు. 2000లో దాని పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. వరి పండింది, కొబ్బరి పెరిగింది అని అందరూ రాస్తారు. అదే కాలవ దీవికి తాగునీరు కూడా అయిందన్నది రెండో వాక్యంగానైనా రాయరు. వేసవిలో కాలవ కట్టేసేముందు ఊరి చెరువు నింపుకుంటే, మళ్లీ కాలవ వదిలేదాకా ఊరు బతికేది ఆ చెరువుమీదే. కాలవ కట్టేసిన రోజుల్లో మోకాలిలోతు బురదలో దిగి పూడిక తీసిన కూలీల్లో మా తాతలున్నారు. ఆ కాలవ నిండి చెరువులోకి పారాక, చెరువు మెట్టు దిగడానికి మాత్రం వాళ్లు పనికిరాలేదు. స్నానం చేస్తూ కాటన్ దొర పేరు సంకల్పంలో చెప్పుకున్న పండితులున్నారంటారు. సీమదొర ముట్టుకున్న గోదావరి మైలపడలేదు గానీ మాలోళ్ల కడవకి మైలపడింది!

మా మామ్మది ఈ దీవిలోనే ఇంకో ఊరు. 1960లలో పేటలో ఆడోళ్లు కడవలు పట్టుకుని చెరువుగట్టు కింద నిలబడేవోరట. "అమ్మగారండీ, కాసిన్ని నీళ్లు పొయ్యండి" అని అడగాలి. పోసేవోళ్ల బిందె మన కడవకి తగలకూడదు, పైనుంచి ధార పోస్తారు, సగం నేలపాలు. చేలో దాహమేస్తే దోసిలి పట్టాల్సిందే. అప్పటికి అంటరానితనం నేరాల చట్టం వచ్చి (1955) ఏళ్లు గడిచాయి. నూతులు, చెరువులు అందరివీ అని రాజ్యాంగం 15వ అధికరణం అంతకు ముందే చెప్పింది. చట్టం మా చెరువుగట్టు ఎక్కలేదు.

ఆ గట్టుమీది అలవాట్లే ఇంట్లోకొచ్చాయి. మామ్మ చివరిదాకా సొంత ఇంట్లో కూడా గ్లాసు పెదవికి ఆనించలేదు, ఎత్తిపోసుకునే తాగింది. ఇత్తడి బిందె చింతపండేసి రోజూ తోమేది. నీళ్లు బట్టలో వడకట్టి, కుండలో ఇండుప గింజ అరగదీస్తే మడ్డి అడుక్కి దిగేది. పటిక కొనే డబ్బుల్లేనప్పుడు అదే గతి. మంచినీళ్ల కుండ వెలుగు తగలని మూల పెట్టి మూత తీయనిచ్చేది కాదు. ఇంత శుభ్రం పాటించే మనిషిని ఊళ్లో 'మురికోళ్లు' అన్న జాతిలో కలిపారు. ఇప్పటికీ సర్వే కాగితం పట్టుకొచ్చేవాళ్లు పేటలకి 'అవగాహన లేదు' అని రాసుకుపోతుంటారు. అవగాహన లేకే చెరువుకి దూరమయ్యామా?

1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిలితో తాగారు. తర్వాత సవర్ణులు పేడ, మూత్రం, పెరుగు కలిపిన కుండలు పోసి ఆ చెరువుని 'శుద్ధి' చేశారు. పేడ కలిపితే శుభ్రమైన నీళ్లు, మనిషి ముడితే మురికి! కారంచేడులో 1985లో గొడవ మొదలైంది చెరువు దగ్గరే. మాదిగలు తాగే నీళ్లలో మురికి కలపొద్దని మున్నంగి సువార్త అడ్డుకుంది. జూలై 17న ఆరుగురిని చంపారు. ఆ హత్యాకాండ నుంచే దళిత మహాసభ పుట్టింది. కోనసీమ కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకున్నది కూడా ఆ ఘటన మీదే. మహద్‌లో నీళ్లు తాగిన మనిషి పేరు కోనసీమ జిల్లాకి పెట్టొద్దని 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు.

ఇప్పుడు పేటలోనూ 20 లీటర్ల టిన్నే. 2014లో సుజల స్రవంతి పేరుతో రెండు రూపాయలకి టిన్ను నీళ్లన్నారు, తర్వాత ప్రైవేటు ప్లాంట్లు వచ్చాయి. కుళాయి నీళ్లు వంటకి, టిన్ను నీళ్లు తాగడానికి. లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు కరిగిన లవణాలుంటే మంచిదని ప్రమాణం చెబుతుంది, ఉప్పునీటి నేలలో టిన్ను కొనడం మోజు కాదు. పైగా టిన్ను దగ్గర ఎవరి కులమూ అడగరు, రూపాయలు అడుగుతారు. కూలి దొరకని వారం మళ్లీ కుళాయే.

ఒక సంగతి రాయొద్దని మామ్మ అంది. మా మాలపేటకి వేరే నుయ్యి ఉండేది. మాదిగపేట ఆడోళ్లు ఆ నూతి దగ్గరకొస్తే వాళ్ల దోసిట్లో పైనుంచి పోసింది మా మామ్మే. "ఆ రోజుల్లో అదే పద్ధతిరా" అంది. చెరువు దగ్గర నిన్ను నిలబెట్టినవాళ్లూ అదే అన్నారు కదా మామ్మా అంటే మాట్లాడలేదు. 1994లో దండోరా మొదలైనప్పుడు మా పేటలో చాలామందికి అది ఎందుకో అర్థం కాకపోవడానికి ఈ నుయ్యి కూడా ఒక కారణం. తర్వాత ఆ నుయ్యి పూడ్చి ట్యాంకు కట్టారు. రెండు పేటలకీ ఒకటే పైపు. పోయిన వేసవిలో నేను వెళ్లిన రోజున కుళాయి దగ్గర బిందెలు రెండు వరసల్లో ఉన్నాయి.