సమాధానం చేతికందడం: తెలుగు ఆరాధన క్రమంలో ఒక ఘట్టం

తెలుగు ప్రొటెస్టెంటు గుళ్లలో 'సమాధానం' అంటే శాంతి. అదే మాట సోమవారం పిల్లవాడితో బడికి వెళ్తే ప్రశ్నకు జవాబైపోతుంది. ఒకే నోట ఒకే మాట రెండు అర్థాలతో మసలుతున్నా ఎవరూ తడబడరు. సంప్రదాయ ఆరాధన నేటి బతుకుకు ఎడంగా ఉందన్న ఫిర్యాదు ముందుగా ఇలాంటి మాటల మీదికే వస్తుంది. భాష పాతది, క్రమం మారదు, కీర్తన సాగుతూనే ఉంటుంది అంటారు. పాతదనమే కారణమైతే వాడుక భాషలోకి మార్చేస్తే ఎడం తీరిపోవాలి. దక్షిణ ఇండియా సంఘం ఆరాధన చరిత్ర చూస్తే విషయం అంత తేలిక కాదనిపిస్తుంది.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ మూలాలున్న ఐక్య సంఘంవారు ఒక్కటై ఈ సంఘంగా ఏర్పడ్డారు. వీరిలో కొందరికి పుస్తకంలోని ప్రార్థనే ప్రార్థన. మరికొందరి దృష్టిలో అచ్చయిన ప్రార్థన చదవడం పాఠం అప్పజెప్పడమే. గుండెలోంచి అప్పటికప్పుడు రావాలి. ఆ తగవు తేలకుండానే 1950లో ప్రభు భోజన క్రమం వెలువడింది. అందులో రెండు సంగతులు చాలామందికి కొత్తగా కనిపించాయి. గురువు బల్ల వెనక నిలబడి సంఘం వైపు తిరిగి ఆరాధన జరిపించడం ఒకటి, సమాధానాన్ని చేతి నుంచి చేతికి అందించడం రెండోది. నిజానికి రెండూ ఆదిమ సంఘపు ఆచారాల నుంచి ఏరి తెచ్చుకున్నవే. చేతులతో సమాధానం ఇచ్చే పద్ధతి కేరళ సిరియన్ క్రైస్తవుల్లో అప్పటికీ సజీవంగా ఉంది. కొత్త సంఘం కొత్త క్రమం రాసుకోవడానికి కూర్చుని, అన్నిటికన్నా పాత బావిలో చేద వేసిందన్నమాట. కాబట్టి ఎడానికి వయసు కొలమానం కాదు.

ఆ ఘట్టాన్ని దగ్గరగా చూద్దాం. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని పుచ్చుకునేవారి కుడి అరచేతికి ఆనిస్తారు. ఇద్దరూ ఎడమ చేతిని ఎదుటివారి కుడిచేతి మీద మూస్తారు. బల్ల దగ్గర మొదలై పెద్దలకు, వారి నుంచి వరసలకు చేరుతుంది. నేను చూసిన ఒక గ్రామ సంఘంలో మగవారు ఒక పక్క చాప మీద, ఆడవారు మరో పక్క కూర్చున్నారు. చివరి వరసలో గోడకు ఆనుకున్న ముసలాయన తన వంతు వచ్చేదాకా చెయ్యి సగం చాచి ఉంచాడు. సమాధానం అందిన తర్వాత, దాన్ని ఇవ్వడానికి పక్కన ఇంకెవరూ లేక, మూసిన పిడికిలిని ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇక్కడ ఎవరి ఇష్టాయిష్టాలనూ ఎవరూ అడగరు. నిన్న గట్టు తగాదా పడ్డవాడు పక్కనే కూర్చుంటే అతనికే ఇవ్వాలి. తెలుగు ప్రొటెస్టెంటు సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కులాల నుంచి వచ్చినవారు. ముట్టుకోకూడదని ఊరు నియమం పెట్టిన మనుషుల మధ్య ముట్టుకుని తీరాలని ఒక క్రమం నియమం పెట్టడం చిన్న సంగతి కాదు. అలాగని గొప్పలు చెప్పుకోనక్కర్లేదు. గుళ్లో కలిసిన చేతులు పెళ్లి సంబంధాల దగ్గర కలవని సంఘాలు ఎన్నో ఉన్నాయి. అయినా క్రమం మాత్రం భావం కుదిరేదాకా ఆగదు. ముందు చెయ్యి చాపమంటుంది.

అసలు ఎడం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. నేటి మనిషికి మనసులోంచి వచ్చిన మాటే నిజమైన మాట. తనకు అనిపించనిది అనడం నటన. ఆరాధన క్రమం దీనికి అడ్డం తిరుగుతుంది: నువ్వు రాయని మాట పలుకు, నువ్వు ఎన్నుకోని మనిషి చెయ్యి పట్టుకో. జర్మన్ కథోలిక వేదాంతి రొమానో గువార్దీని 1918లోనే ఆరాధనను ఆటతో పోల్చాడు. దానివల్ల తేలే ప్రయోజనమేదీ లేదు గానీ దానికి అర్థం ఉందన్నాడు. లాటిన్ పూజ ప్రజల భాషల్లోకి మారుతున్న 1964లో ఆయనే మరో ప్రశ్న వేశాడు: ఆరాధన అనే క్రియ చేయగల శక్తి నేటి మనిషిలో ఇంకా ఉందా? భాష మార్చడం చేతనైనవారికి ఈ ప్రశ్న రుచించి ఉండదు.

కాలం లెక్కలోనూ ఇదే వరస. శ్రమల దినాలు నలభై అంటారు గానీ, భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా కేలెండరులో లెక్కపెడితే నలభై ఆరు వస్తాయి. ఆదివారాలు ఆరూ లెక్కలో లేవు. అవి పునరుత్థానానివి, ఉపవాసానికి చెందవు. మన వర్జ్యాలు, తిథులు ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. పగళ్లన్నీ ఒక్కటే, గంటలన్నీ ఒక్కటే అనుకునే ఆఫీసు గడియారానికే వింత.

2020లో గుళ్లు మూతపడ్డప్పుడు ఆరాధన ఫోనులోకి వచ్చింది. కీర్తన వచ్చింది, వాక్యం వచ్చింది, కానుక కూడా ఫోనులోనే వెళ్లింది. సమాధానం ఒక్కటే తెర దాటి చేతికి రాలేదు. తలుపులు తెరిచాక జాగ్రత్త కోసం చాలాచోట్ల దూరం నుంచే నమస్కారం పెట్టుకున్నారు. జబ్బు భయం పోయింది. కొన్ని సంఘాల్లో నమస్కారం మాత్రం నిలిచిపోయింది. శుభ్రంగా ఉంటుందని, తొందరగా అయిపోతుందని దాన్ని మెచ్చుకునేవారు ఉన్నారు. ముట్టకుండా మర్యాద చూపడం ఈ నేలకు ఎప్పటి నుంచో తెలిసిన విద్యే.