ఇందౌర్ గుంత నుంచి మేడ మీది డ్రమ్ము దాకా

ఇంటి కంపోస్టు ఈమధ్య నగరాల్లో మొదలైన అలవాటని చాలామంది అనుకుంటారు. దాని వెనకున్న పద్ధతికి నూరేళ్లు కావస్తున్నాయి. అది రూపుదిద్దుకున్నది కూడా మన దేశంలోనే, ఇందౌర్ సంస్థానంలో.

1905లో బీహార్‌లోని పూసాకు ఉద్యోగం మీద వచ్చిన వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ ఇక్కడి రైతులనే తన గురువులుగా చెప్పుకున్నాడు. 1924లో ఇందౌర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ ఇండస్ట్రీ ఏర్పడింది. పత్తి పరిశోధనకని పెట్టిన ఆ సంస్థకు ఆయనే సంచాలకుడు. అక్కడ చేసిన ఎరువు ప్రయోగాలను రసాయన శాస్త్రవేత్త యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో పుస్తకంగా వెలువరించాడు.

జనగామ వైపు మా ఊళ్లో నాయనమ్మ పెంటకుప్ప నాకు బాగా తెలుసు. కొట్టం ఊడ్చిన పెంట, పొయ్యి బూడిద, ఎడ్లు వదిలేసిన చొప్ప అన్నీ అందులోకే చేరేవి. ఎండాకాలంలో బండ్లకెత్తి చేనుకు తోలేవాళ్లు. హోవర్డ్ వాడిన సరుకులూ ఇంచుమించు ఇవే. కాకపోతే మా కుప్ప ఏడాది పొడుగునా ఎండకు ఎండి వానకు తడిసేది, పశువుల మూత్రం కొట్టంలోనే ఇంకిపోయేది. ఇందౌర్‌లో మూత్రం పీల్చిన మట్టిని తవ్వి మరీ ఎరువులో కలిపారు. గట్టి పత్తికట్టెను బండ్లు నడిచే బాటలో పరిచి నలగ్గొట్టారు. 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గుంతల్లో పేడనీళ్లు, బూడిదతో పొరలు పొరలుగా నింపారు. తడి ఆరకుండా చూస్తూ, గాలి ఆడేలా తిరగేస్తూ పోతే మూడు నెలల్లో ఎరువు చేతికొచ్చేది.

అంత పెద్ద గుంతను తిరగేయడానికి మనుషులు కావాలి, తడపడానికి నీళ్లు కావాలి. అందుకే 1939లో బెంగళూరులో సి.ఎన్. ఆచార్య తిరగేసే పని లేని పద్ధతి రూపొందించాడు. గుంతలో పొరలుగా నింపి, పైన మట్టి కప్పేసి నెలల తరబడి వదిలేయడమే. ఆ తర్వాత యూరియా బస్తా వచ్చింది. పొలంలో ఆ శ్రమ పడేవాళ్లు తగ్గిపోయారు.

ఆ శ్రమ ఇంటి దగ్గర చాలా చిన్నది. హైదరాబాద్‌లో మా మేడ మీద చుట్టూ రంధ్రాలు పెట్టిన డ్రమ్ము ఉంది. కూరగాయల తొక్కలు ఒక వంతు, ఎండుటాకులు రెండు వంతులు వేసి, గుప్పెడు పాత ఎరువు చల్లుతాను. వారానికోసారి కర్రతో కలియబెడతాను. కుళ్లు వాసన వస్తే తడి ఎక్కువైంది, గాలి అందడం లేదని అర్థం. ఇంకాసిని ఎండుటాకులు వేస్తే సరిపోతుంది. రైతుకు భారమైన పని ఇక్కడ పది నిమిషాల్లో అయిపోతుంది. పొలాల్లో నిలవలేని ఇందౌర్ పద్ధతికి సరైన చోటు మన పెరళ్లు, మేడలే. దాన్ని నిలబెట్టే పూచీ కూడా మనదే.