కొనేవాడు లేని ఏడాది

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు ఇల్లు అమ్మి చూడు అనడం ఎందుకో మరచిపోయారు. కట్టడానికి ముహూర్తం మనం పెట్టుకుంటాం. అమ్మడానికి ముహూర్తం ఎదుటివాడు పెట్టాలి.

విజయనగరంలో మా బంధువులొకరు పాత మండువా లోగిలిని అమ్మకానికి పెట్టి మూడేళ్ళు కావస్తోంది. చూడ్డానికి వచ్చేవారు స్థలానికి ఖరీదు కడుతున్నారు గాని, ఇంటికి కట్టడం లేదు. పైగా పడగొట్టే ఖర్చు మినహాయించమంటున్నారు. "ఇటువంటి గడ్డుకాలం మన ప్రాంతంలో ఎన్నడూ లేదు" అన్నారాయన నిట్టూరుస్తూ. ఉంది. ఇంతకన్నా గడ్డుకాలం ఉంది. 1942 వేసవి గురించి మా పెద్దల నోట విన్నవీ, తరువాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

1942 ఏప్రిల్ 6, సోమవారం. అడ్మిరల్ ఒజావా నాయకత్వాన బంగాళాఖాతంలోకి వచ్చిన జపాను నౌకాదళపు విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ముందురోజే, ఈస్టరు పండుగనాడు, కొలంబో మీద దాడి జరిగింది. ఆ వారంలోనే మన తీరం పొడవునా ఇరవైకి పైగా వర్తక నౌకలు మునిగిపోయాయి. ప్రాణనష్టం కొద్దిగానే జరిగినా, ఊరు ఖాళీ కావడానికి అది చాలింది. ఎందుకంటే భయం అంతకు ముందే ఊళ్ళోకి వచ్చి కూర్చుంది. దాన్ని తెచ్చింది రంగూను.

ఆనాటి విశాఖపట్నం జిల్లాలో నేటి విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలు కలిసే ఉండేవి. అక్కడి పల్లెల్లో రంగూను వెళ్ళినవాడు లేని వీధి అరుదు. బియ్యపు మిల్లుల్లో, రేవులో, పడవల మీద చాకిరీ చేసి డబ్బు పంపేవారు. 1931 నాటికి రంగూను జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరం జపానువారి వశమైంది. లక్షలాది మంది కొండలూ అడవులూ దాటి కాలినడకన బయలుదేరారు. దారిలో పోయినవారు పోగా మిగిలినవారు కలకత్తా చేరి, బెంగాల్ నాగపూర్ రైలెక్కి, ఆమదాలవలసలోని చికాకోల్ రోడ్డు స్టేషనులోనో విజయనగరంలోనో దిగారు. బాంబు పడితే ఏమవుతుందో చూసినవారు ఊళ్ళో ఉండగా, ఇక విశాఖలో ఎవరు నిలుస్తారు? ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయింది.

అటువంటి సమయంలో ఇంటి యజమాని ముందున్న దారులు నాలుగు. తాళం వేసి వెళ్ళిపోవడం మొదటిది. కాని రక్షణ నిబంధనల కింద ఖాళీ ఇంటిని ప్రభుత్వం యుద్ధావసరాలకు స్వాధీనం చేసుకునే వీలుండేది. దొంగల భయం సరేసరి. రెండవది భోగ్యం, అంటే రుణమిచ్చినవాడు వడ్డీకి బదులు ఇల్లు అనుభవించడం. ఊరే ఖాళీ అయ్యాక అనుభవించేదేముంది? అందుకని భోగ్యానికి ముందుకొచ్చేవారు తక్కువ. మూడవది షరతుగల విక్రయం. ఫలానా గడువులోగా సొమ్ము తిరిగి ఇస్తే ఇల్లు తిరిగి రాసివ్వాలనే ఒప్పందం. నాలుగవది శుద్ధ విక్రయం.

ఈ మూడవదాని దగ్గర కొంచెం ఆగాలి. ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. దానికి 1929లో చేసిన సవరణ ప్రకారం, తిరిగి రాసివ్వాలన్న షరతు అదే విక్రయ దస్తావేజులో ఉంటేనే దాన్ని తాకట్టుగా పరిగణిస్తారు. తాకట్టు అయితే విడిపించుకునే హక్కుకు ఆనాడు అరవై ఏళ్ళ కాలపరిమితి ఉండేది. షరతు వేరే కాగితం మీద ఉంటే అది తాకట్టు కాదు. "యుద్ధం అయ్యాక చూసుకుందాం లెండి" అన్న నోటిమాట అయితే చెప్పనే అక్కర్లేదు. రైలు వేళకు తొందరపడుతూ సంతకం పెట్టేవాడికి, ఒక్క వాక్యం ఏ కాగితం మీద ఉందన్నదే ఇల్లు మిగలడానికీ పోవడానికీ తేడా.

ఇళ్ళు కారుచౌకగా చేతులు మారాయని ఆ తరంవారు చెప్పుకునేవారు. మద్రాసులోనూ అదే కథ. అయితే అందరూ అమ్మలేదు. నేను గమనించినంతలో అమ్మినవారికీ, అమ్మనివారికీ మధ్య తేడా ధైర్యం కాదు, ఊళ్ళో మరో ఇల్లు. గజపతినగరం వైపో, చీపురుపల్లి వైపో, పాలకొండ వైపో పెంకుటిల్లూ, నాలుగు గింజలు పండే చెక్కా ఉన్నవాడు తాళం వేసి వెళ్ళి పశువుల సాల పక్కన కాలక్షేపం చేశాడు. పట్నమే సర్వస్వమైన చిన్న ఉద్యోగి, చిల్లర వర్తకుడు మాత్రం అమ్మాడు. వెళ్ళిన చోట అద్దె కట్టాలి, బియ్యం కొనాలి, దానికి చేతిలో రొక్కం కావాలి. పట్నంలో ఇల్లు కొనేవాడు లేకపోగా, విజయనగరంలో అద్దెకు ఇల్లు దొరకడమే కష్టమైంది. అరవై కిలోమీటర్ల దూరంలో ఒకచోట ఇళ్ళు ఎక్కువై మనుషులు లేరు, మరొకచోట మనుషులు ఎక్కువై ఇళ్ళు లేవు. ఇంటి ధర అంటే కలపా, సున్నమూ, స్థలమూ అనుకుంటాం. ఆ ఏడాది ధరను నిర్ణయించింది అమ్మేవాడి తొందర.

తరువాత ఏమైంది? జపానువారు దిగలేదు. భయం పోయింది, రేవు మిగిలింది. 1933లో ప్రారంభమైన ఆ రేవు పక్కనే సింధియా కంపెనీవారి నౌకానిర్మాణ కేంద్రంలో 1948 మార్చి 14న నెహ్రూ జల ఉషను సముద్రంలోకి వదిలారు. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. కురుపాం మార్కెట్టు పరిసరాల్లో 1942లో అమ్ముకున్నవారి పిల్లలు అదే ఊరికి ఉద్యోగాలకు వచ్చి అద్దె ఇళ్ళు వెతుక్కున్నారు.

కనుక ఓపిక పడితే ధర వస్తుందని నీతి చెప్పి ముగించవచ్చు. కాని అది సగం నిజమే. కళింగపట్నం చూడండి. వంశధార సముద్రంలో కలిసే చోట ఒకప్పుడు ఓడలు ఆగిన రేవది. భీమునిపట్నం డచ్చివారి కాలం నుంచి వర్తక స్థానం. సరుకు రైలెక్కి విశాఖ రేవుకు పోవడం మొదలయ్యాక ఆ రెండు చోట్లా వర్తకం సన్నగిల్లి ఆగిపోయింది. వర్తకుల మేడల విలువ పెరగాలని అక్కడ ఎదురుచూసినవారికి, ఆ ఎదురుచూపులోనే ఒక తరం గడిచిపోయింది. విశాఖలో మనుషులు పోయారు గాని వారిని రప్పించే పని పోలేదు. కళింగపట్నంలో ఆ పనే పోయింది. రెండు చోట్లా పైకి కనిపించేది ఒకటే: తాళం వేసిన తలుపులు.

మరి నేటి విజయనగరం ఈ రెండింట్లో దేని వంటిది? జమీందారీలు 1948 చట్టంతో రద్దయ్యాక దివాణం మీద ఆధారపడ్డ కొలువులు పోయాయి. శ్రీకాకుళం 1950లోనే జిల్లా కేంద్రమైతే, విజయనగరం 1979 దాకా ఆగింది. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరొకసారి శంకుస్థాపన జరిగింది. పని ఊరి వైపు వస్తోందే గాని, పోవడం లేదు. అయినా పాత లోగిలి అమ్ముడుపోవడం లేదంటే కారణం ఊరిలో లేదు, దస్తావేజులో ఉంది. 1956 వారసత్వ చట్టం, ఆడపిల్లలకు సమాన హక్కునిచ్చిన మన రాష్ట్రపు 1986 సవరణ, 2005 కేంద్ర సవరణ, ఇవన్నీ న్యాయమైనవే. కాని వాటాలు పంచుకోకుండా మూడు తరాలు గడిపిన కుటుంబంలో ఇప్పుడు పదిహేను సంతకాలు కావాలి. అందులో నాలుగు అమెరికాలో ఉన్నాయి. కొనేవాడు వెనుకాడేది గోడలు పాతవని కాదు.

మా బంధువుతో అన్నాను: ధర తగ్గించకండి, ముందు పంపకాల కాగితం రాయించండి. 1942లో అమ్మినవారికి లేనిది మీకొకటి ఉంది, తొందర లేకపోవడం. అది ఉన్నన్నాళ్ళు ఇల్లు మీ చేతిలో ఉన్నట్టే. ఆయన వింటారో లేదో చూడాలి.

ఇది చదివేవారిలో ఉత్తరాంధ్రవారు ఉంటే ఒక మనవి. మీ ఇంటి పెట్టెలో ఆనాటి దస్తావేజు ఉంటే బయటికి తీసి తేదీ చూడండి. 1942 ఏప్రిల్, మే నెలలదైతే, మీవారు కొన్నారా, అమ్మారా చూడండి. ఆ తరువాత దానిలో షరతు ఏమైనా ఉందేమో చూడండి.